పుల్లన్న వదులుకున్న గొప్ప

కంబదూరులో పుల్లన్నను ఎరగనివాళ్లు లేరు. ఒకవేళ ఉంటే ఆయనే పిలిచి కూర్చోబెట్టి మరీ పరిచయం చేసుకుంటాడు. పటాలంలో పదహారేళ్లు బాక్సింగ్ ఆడి వచ్చిన మనిషి. ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలే. వెడల్పు మాత్రం, బసప్ప హోటలు బెంచీ మీద ఆయన కూర్చున్నాడంటే పక్కన ఇంకొక్కరికే చోటుండేది. ఊళ్లో ఆయనకున్నది మూడెకరాల వేరుశనగ చేను. వాన కురిస్తే కాయ, లేకపోతే కంప. కానీ వానతో పనిలేని ఆస్తి ఇంకొకటి ఉంది. 1953లో బెంగుళూరులో జరిగిన పటాలాల పోటీలో, ఆరడుగుల నాలుగంగుళాల పంజాబీ జవానును మూడో రౌండులో మట్టికరిపించాడు. ఆ పందెం హోటల్లో పాతికేళ్లుగా రోజూ జరుగుతూనే ఉంది.

1984 ఎండాకాలంలో పేపర్లో ఒక ఫొటో పడింది. ఎక్కడో విదేశంలో ఇద్దరు హెవీవెయిట్ బాక్సర్లు, ఇద్దరూ ఆరున్నర అడుగులవాళ్లు. వీళ్లు మీ కాలంలో పుట్టి ఉంటే నీ గతి ఏమయ్యేదని బసప్ప ఉడికించాడు. పుల్లన్నకు కావలసింది అదే. పలచటి గ్లోవులు, బయలు మైదానం, నడినెత్తిన ఎండ, ఇవన్నీ ఏకరువు పెట్టాడు. పొడుగువాడి పొట్ట పొట్టివాడి కంటికి ఎదురుగా ఉంటుందని, కొట్టకుండా ఎవడు ఊరుకుంటాడని నిలదీశాడు.

“ఈ తాటిచెట్లను మా కాలానికి తోలుకరాండప్పా. రెండు రౌండ్లు నిలబడితే నా మీసం తీసేస్తా” అన్నాడు.

ఈ మాట ఆ నోటా ఈ నోటా పడి అనంతపురంలో కానిస్టేబుల్ గోవిందప్ప చెవిని చేరింది. ధర్మవరం నేతగాళ్ల ఇంటి బిడ్డ, ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. పోలీసు పోటీల్లో మూడేళ్లు వరసగా ఓడిపోయాడు. హైదరాబాదులో నెలరోజుల్లో రాష్ట్ర పోటీ ఉంది. ఈసారి కూడా ఓడితే ఆటల జట్టులోంచి తీసేస్తామని పైవాళ్లు తేల్చి చెప్పేశారు. పొడుగువాళ్లను ఎలా పడగొడతారో తెలుసుకుంటే తను పడకుండా ఉండొచ్చని సెలవు పెట్టి బస్సెక్కాడు.

పుల్లన్నకు పెళ్లి సంబరమైంది. కళ్లంలో బరి గీయించి, ట్రంకుపెట్టెలోని పాత గ్లోవులు తొడుక్కున్నాడు. చూడటానికి ఊరు కదిలింది. తీరా చూస్తే గోవిందప్ప వంగి, చేతులు రొమ్ముకు ముడుచుకుని కదులుతున్నాడు. యాభై ఎనిమిదేళ్ల పుల్లన్న లోపలికి దూరి పొట్టలో రెండు ఇచ్చేసరికి ఆ పొడుగు మనిషి కూలబడ్డాడు. జనం ఈలలు వేశారు. పుల్లన్న మీసం దువ్వుకున్నాడు.

“నువ్వు చెప్పిందే నిజమన్నా” అన్నాడు గోవిందప్ప, దుమ్ము దులుపుకోకుండానే. “నా మాదిరి ఒళ్లుకు ఆ కాలంలో గానీ ఈ కాలంలో గానీ ఈ ఆట పనికిరాదు. రేపు పోయి నేనే ఇడిసిపెడతానని రాసిస్తా.”

ఆ సాయంత్రం పుల్లన్న సంగటి సగంలోనే వదిలి లేచాడు. భార్య నారాయణమ్మ ఏమైందని అడిగింది. ఏం చెబుతాడు? ఆ పంజాబీ జవాను చేతిలో తను అంతకుముందు రెండుసార్లు చిత్తుగా ఓడాడు. ఆ మనిషి ఎడమచేయి చాపి నిలబడితే ఆ చేతిని దాటి ఒక్కసారి కూడా దగ్గరికి పోలేకపోయాడు. మూడో పందేనికి ముందురోజు, లారీకి సామాను ఎక్కిస్తుంటే ఆ చేయి మణికట్టు దగ్గర బెణికింది. పుల్లన్న కళ్లారా చూశాడు. మర్నాడు ఆ చేయి లేవదని తెలిసే లోపలికి దూరి కొట్టాడు. ఈ సంగతి ఇంతవరకు కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు. ఇప్పుడు చెబితే హోటల్లో తనకు మిగిలేదేమిటి? చెప్పకపోతే ఒక మనిషి బతుకు తన అబద్ధం కింద పడి నలిగిపోతుంది. ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పొద్దున కళ్యాణదుర్గం బస్సు వచ్చేసరికి గోవిందప్ప సంచీతో నిలబడి ఉన్నాడు. అక్కడే హోటలు, హోటలు నిండా జనం. పుల్లన్న అందరి ముందూ అతని చేయి పట్టుకున్నాడు.

“నేను గెలిచింది చెయ్యి బెణికినోని మీద. ఆ చెయ్యి బాగుండింటే నేను దగ్గరికే పోలేకపోతి. నువ్వు పొడుగని ఓడలేదప్పా. వంగినావు, చెయ్యి దాచిపెట్టుకున్నావు. అందుకే ఓడినావు” అంటూ జరిగిందంతా చెప్పేశాడు.

మీసం తీసేస్తానన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. బస్సు గోవిందప్పను ఎక్కించుకోకుండానే పోయింది.

ఎడమచేయి చాపడం పుల్లన్న నేర్పించాడు. పొద్దస్తమానం ఇసుక మూటను గుద్దించాడు. కానీ ఆ వంగే గుణం మాత్రం ఎంతకీ పోలేదు. దాన్ని కనిపెట్టింది నారాయణమ్మ.

“ఈ అబ్బి వాకిలి లేనిచోట గూడా తల వంచుతాండాడు సూడు” అంది.

నిజమే. ధర్మవరంలో వాళ్ల ఇంటి ద్వారబంధం అతని భుజాల ఎత్తు. పైగా పదేళ్ల వయసునుంచీ మగ్గం గుంతలో కూర్చున్న నడుము. ఆమె అతని నెత్తిన గుడ్డ చుట్టకుదురు పెట్టి, నీళ్ల కడవ ఎత్తింది. బోరింగు మైలు దూరం. ఊరంతా నీళ్లకు కటకటలాడుతోంది. చుక్క తొణికినా దారిన పోయే ఆడవాళ్లు చీవాట్లు పెట్టేవాళ్లు. మొదటి రోజు సగం కడవ మిగిలింది. మూడు వారాలు దాటేసరికి గోవిందప్ప నిండు కడవతో, మెడ నిక్కించి, నారాయణమ్మతో కబుర్లు చెబుతూ వచ్చేవాడు. ఆ మనిషి అసలు పొడుగు ఎంతో ఊరికి అప్పుడు తెలిసింది.

హైదరాబాదుకు పుల్లన్న కూడా వెళ్లాడు. ఆఖరి పందెంలో గోవిందప్పకు ఎదురు నిలిచినవాడు బలంగా, బిగువుగా ఉన్న పొట్టి మనిషి, గోదావరి వైపు కానిస్టేబుల్. అచ్చం ఒకప్పటి పుల్లన్నే. గంట కొట్టారు. గోవిందప్ప నిటారుగా నిలబడి ఎడమచేయి చాపాడు. ఆ పొట్టివాడు పొట్టేలులా వచ్చేవాడు, గుద్దు తిని వెనక్కి పోయేవాడు. మూడు రౌండ్లూ అదే తంతు. ఆ దెబ్బలు ఒక్కొక్కటీ ఎక్కడ తగులుతున్నాయో పుల్లన్నకు తెలుసు. అయినా సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. రిఫరీ గోవిందప్ప చేయి పైకెత్తాడు.

జనమంతా గోవిందప్ప మీద పడ్డారు. పుల్లన్న మాత్రం ఓడినవాడి దగ్గరికి పోయి, నీళ్లందించి, పక్కన కూర్చున్నాడు. ఆ మనిషి రొప్పుతూ, పాతకాలంలోనైతే ఇలాంటి పొడుగువాళ్లు నిలిచేవాళ్లు కాదని మా ఊళ్లో పెద్దలంటారు, నిజమేనా అని అడిగాడు.

“నిలబడినారప్పా, గెలిచినారు గూడా” అన్నాడు పుల్లన్న. “నేను వాళ్ల చేతిలో రెండు తూర్లు ఓడినా.”