జంగయ్య బావిలో వసంత ఈత బడి

నా నోటికి జడిసి వనపర్తి పోస్టాఫీసులో జనం పక్క కౌంటరు వరసలోకి పోతారు. అలాంటి నన్ను నలభై తొమ్మిదేళ్ల వయసులో, నడుముకు ఖాళీ నూనె డబ్బా కట్టి, బావిలోకి దింపి, నోరు మూయించిన మనిషి వసంత.

ముప్పై ఆరేళ్లుంటాయి. బక్కపలచని మనిషే గానీ గొంతు మాత్రం కంచు. ఐదేళ్లప్పుడు వాళ్ల నాయన వీపుకు బెండ్లు కట్టి బావిలోకి విసిరేశాడట. "నీళ్లు మింగిన, ఏడ్సిన, ఇగ తేలిన" అని ఆ కథను మూడు ముక్కల్లో తేల్చేస్తుంది. పెద్దయ్యాక ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరుగా చేసింది. వాళ్లు ఆటల పీరియడే ఎత్తేసి ఈమెను ఇంటికి పంపారు. ఏడుస్తూ కూర్చునే రకమా? కొత్తకోట దారిలో జంగయ్య పొలంలో ఉన్న పాత మోటబావిని చూసుకుని, ఆడవాళ్లకు ఈత నేర్పుతానని బయలుదేరింది.

జంగయ్యకు బోరు పడ్డప్పటి నుంచి ఆ బావితో పనిలేదు. "చూడు బిడ్డా, మిరుగు దాంక, తొలకరి వానలు పడేదాంక ఆగుత. పదిమంది దిగుతుంటే బావి ఉంటది. మనుషులు దిగే బావిని పూడిస్తే పాపం తగుల్తది. ఎవ్వలు రాకుంటే మాత్రం జేసీబీ తెస్త. రెండు గుంటల జాగ కలుస్తది, పల్లి ఏసుకుంట" అని ముందే చెప్పేశాడు.

హోలీ నాటికి చేరింది నలుగురం.

పొద్దున ఆరింటికి ఆ రాతి మెట్లు దిగుతుంటే ఒక్కో మెట్టుకూ ఎండ, ఊరు, పోస్టాఫీసు పైనే ఉండిపోయేవి. నీళ్ల మీదికి వంగిన తుమ్మకొమ్మకు గిజిగాడి గూళ్లు వేలాడుతుండేవి. కింద నీళ్లలోనూ అవే గూళ్లు, అవే పిట్టలు. ఏది పైన, ఏది కింద అని నాకు ఒక్కోసారి తెలిసేది కాదు. వసంత నా వీపు కింద అరచెయ్యి పెట్టి, "చేతులు ఇడువు అక్కా. నీళ్లను పట్టుకుంటే దొరకవు, ఇడిస్తే అవే మోస్తయి. నేను చూస్తున్నగదా" అనేది. ఆ చివరి మాట మీదే నా ప్రాణం.

అంతలో ఆ ఫోను పీడ తగులుకుంది. మిగతా ఆరుగురిని తేవాలి కదా మరి. ఆన్‌లైన్‌లో ఎవరో శిక్షకుడు, రోజుకు మూడు వీడియోలు పెట్టకపోతే నువ్వు లేనట్టే అని చెప్పాడట. ఇంక చూసుకోండి. మెట్ల మీద ఒక వీడియో, నీళ్ల పక్కన ఒకటి, ఇంటికి పోయి నెత్తి తుడుచుకుంటూ ఒకటి. నిద్రలో కూడా బొటనవేలు ఆడిస్తోందని వాళ్లాయన జగదీశ్ నాతో చెప్పి బాధపడ్డాడు. కళ్ల కింద నలుపు, మాటలో చిరాకు. ఎవరైనా చేరారా అంటే, దుబాయ్ నుంచి లవ్వు గుర్తులు వచ్చాయి. దుబాయ్‌లో ఉన్నవాడు జంగయ్య బావిలో ఈతకొస్తాడా!

ఏప్రిల్లో ఒకనాడు డబ్బా విప్పేశాను. వెల్లకిలా పడుకుని చేతులు వదిలేశాను. చెవులు నీళ్లలో మునగగానే లోకం మీద ఎవరో దుప్పటి కప్పినట్టయింది. నా గుండె చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పైన బావి నోరంత ఆకాశం, అందులో ఒక కొంగ నిదానంగా ఈ అంచు నుంచి ఆ అంచుకు పోయింది. నాకు ఒళ్లు లేదు, వయసు లేదు. ఎంతసేపు అలా ఉన్నానో ఇప్పటికీ చెప్పలేను. ఎంత సంతోషం వేసిందో!

లేచి, "చూసినవా వసంతా?" అని కేకేశాను.

"చూసిన అక్కా! సూపర్!" అంది. చేతిలో ఫోను. ముఖం ఫోను వైపే. "జర మల్లొక్కసారి తేలరాదే, వీడియో తీస్త."

నాకు తిక్క నషాళానికెక్కింది. "చూడలేదని చెప్పు, నేనేం సచ్చిపోను! నువ్వు చూస్తున్నవని చేతులు ఇడిసిన. చూస్తలేవని తెలిస్తే ఇడుస్తుంటినా?"

వసంత మెట్టు మీద కూలబడింది. "చూడలే అక్కా" అంది. "నేను నీళ్లల్ల దిగి ఇరవై దినాలాయె. ఒడ్డుమీదనే ఉంటున్న" అని వెక్కి వెక్కి ఏడ్చింది. నా నోరు పడిపోను, అంత మాట ఎందుకన్నానా అనిపించింది.

ఏడుపయ్యాక ఫోనును తువ్వాలలో చుట్టి మోటరు కొట్టంలో పెట్టి వచ్చి, నీళ్లలోకి దిగింది. ముందు ఒళ్లు బిగుసుకుని మునిగింది. తర్వాత మెల్లగా తేలింది. జుట్టు నీళ్లలో విచ్చుకుంది, కనుబొమల నడుమ ముడి పోయింది. పిల్ల నిద్రపోయినట్టే ఉంది. నేను మెట్టు మీద కాపలా కూర్చుని రెప్ప వేయకుండా చూశాను. ఆ పూట పోస్టాఫీసుకు ఆలస్యంగా పోయి చీవాట్లు తిన్నాను.

మరునాటి నుంచి పాఠం అయ్యేదాకా ఫోను కొట్టంలోనే. ఆదివారం ఒక్కటే వీడియో, అదీ ఈత వేళలూ నంబరూ రాసిన చిన్న ముక్క పెట్టేది. మొదటి వారం చెయ్యి ఊరికే నడుము దగ్గరికి పోయేది పాపం. వీడియోలు చూసేవాళ్లు తగ్గారు. మాలో ఒకామె మానేసి ముగ్గురమే మిగిలాం. నా నోటితో నేనే ఆమె బావిని పూడ్చానా అని భయం పట్టుకుంది.

మే నెలలో ఒక పొద్దున జంగయ్య భార్య ఎంకమ్మ, చేతిలో కొడవలితో పై మెట్టు మీద నిలబడింది.

"ఫోను లేదుగదా?"

"లేదు పెద్దమ్మా" అంది వసంత.

"రోజు గడ్డి కోసుకుంట చూస్తున్న. ఫోన్ల పడితే ఊరంత నవ్వుతదని రాలే. నలబై ఏండ్ల సంది ఈ నీళ్లు తోడిన గని, ఒక్కనాడు లోపటికి దిగలే బిడ్డా. మా ముసలోనికి చెప్పకుండ్రి."

వసంతా నేనూ ముఖాలు చూసుకున్నాం. దుబాయ్ దాకా పోయిన ఆ వీడియోలు పక్క పొలంలోని మనిషిని రాకుండా ఆపాయన్నమాట! ఎంకమ్మ చీర కాసె పోసి వెనక దోపుకుని దిగింది. వారం తిరిగేసరికి కలుపు తీసే ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకొచ్చింది. అయినా మొత్తం ఆరుగురం. పది కాలేదు.

మిరుగు వచ్చింది. ఆ పొద్దున మబ్బు పట్టి, గాలి చల్లగా ఉంది. గట్టు మీద జేసీబీ గుర్రుమంటూ వచ్చి ఆగింది. జంగయ్య ముందు నడిచి వచ్చాడు. వసంత మాత్రం చూపు నీళ్ల మీది నుంచి తిప్పలేదు.

నీళ్ల నడుమ ఎంకమ్మ వెల్లకిలా తేలుతోంది. కళ్లు మూసుకుంది. చెవులు నీళ్లలో ఉన్నాయి, ఏమీ వినపడటం లేదు. పెదాల మీద నవ్వు. తెల్లవెంట్రుకలు చుట్టూ పరుచుకున్నాయి.

జంగయ్య తొంగి చూసి అలాగే నిలబడిపోయాడు.

"కాకా, ఏ దిక్కు నుంచి మొదలువెట్టాలె?" అని జేసీబీ మీది నుంచి డ్రైవరు రాజు అరిచాడు.

జంగయ్య చెయ్యెత్తి ఆపాడు. "బంద్ చెయ్‌రా దాన్ని" అన్నాడు మెల్లగా. "మా ఆమె లేవనీ."

రాజు ఇంజను ఆపేశాడు. జంగయ్య చెప్పులు విడిచి గట్టు మీద కూర్చున్నాడు. ఎంకమ్మ లేవలేదు, కాలి వేళ్లు మెల్లగా ఆడిస్తూ తేలుతూనే ఉంది.