మామగారి బొగ్గు పరీక్ష

మా మామగారు మొన్న ఆదివారం తెల్లవారుతుండగా పోయారు. ఆయాసం ఎక్కువై, దిండుకు ఆనుకుని కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారు. ఆ పూట నుంచి వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు, "ఎంత మంచి మనిషి" అని ముక్కులు చీదుతూనే ఉన్నారు. బతికుండగా ఆయనకు పిచ్చి అని నవ్వినవాళ్లే వీళ్లలో చాలామంది.

ఆయన రైలు ఇంజన్ల షెడ్డులో బొగ్గు పరీక్ష చేసేవారు. వ్యాగన్లలో వచ్చిన బొగ్గు ఇంజనుకు పనికొస్తుందో లేదో చూసి సంతకం పెట్టాలి. ఆ పనేదో షెడ్డులోనే ముగించుకుని రావచ్చు కదా? సంచిలో బొగ్గు పెళ్లలు ఇంటికి మోసుకొచ్చేవారు. నామం పెట్టనిదే మంచినీళ్లు ముట్టని ఇల్లు మాది. ఆ ఇంటి పెరట్లో నా రుబ్బుగుండును పెళ్ల మీద మెల్లగా మోపి, చిట్లుతుందేమో చూసేవారు. తర్వాత రోకలితో కొట్టేవారు. అదీ చాలక నిచ్చెనెక్కి పెళ్లనే పైనుంచి జారవిడిచేవారు. లేచిన పొడి ఆరేసిన చీరల మీద, వడియాల మీద వాలేది. చారులో కరకర, ఉమ్మితే నలుపు. నాకు ఎంత రోతగా ఉండేదో చెప్పలేను.

ఒకసారి రుబ్బుగుండు దాచేశాను. వెతికి వెతికి నా దగ్గరికే వచ్చారు.

"పిండి రుబ్బల్ల మామా. దాంట్లో బొగ్గు వస్తాండాది," అన్నాను.

"నిదానంగా మోపితే రాయి మాదిరి నిలస్తాది. పైనించి ఏసినామంటే పొడి అయిపోతాది. రెండూ ఒకటే బొగ్గు గదమ్మా, సూడకుండా సంతకం ఎట్ల పెట్టేది?" అన్నారు. ఇచ్చేశాను.

బొగ్గులో పొరలుంటాయట. పొరలు పడుకుని ఉంటే బరువు మోస్తుంది, నిలబెడితే అదే బరువుకు విడిపోతుంది. భోజనం దగ్గర విస్తరాకుల కట్టను పడుకోబెట్టి, నిలబెట్టి మాకు చూపించేవారు.

యుద్ధం రోజుల్లో మంచి బొగ్గు ఎక్కడికో పోయి, ఇక్కడికి చెత్త రావడం మొదలైంది. మా ఆయన అప్పటికే ఇంజను మీద ఫైర్‌మన్. అంటే మామగారు సంతకం పెట్టిన బొగ్గునే కొడుకు పారతో కొలిమిలోకి విసరాలి. అలా వచ్చిన ఒక బొగ్గును పై అధికారి తనే పరీక్షించాడు. పెళ్లను పొరల మీదుగా పడుకోబెట్టి, బరువులు ఒక్కొక్కటే మెల్లగా పెట్టించాడు. నిలిచింది. సంతకం పెట్టమన్నాడు. మామగారు ఆ పెళ్లనే ఎత్తి కిందికి వదిలారు. పొడి పొడి అయింది.

"ఇంజన్లో దీన్ని పండబెట్టేది ఎవరు సార్? విసరతారు, బండి అదరతాది. పొడి కొలిమి అడుగు కడ్డీల సందుల్లో కూరుకుంటే మంటకు గాలి యాడనించి వస్తాది?" అని అడిగి, సంతకం పెట్టకుండా వచ్చేశారు. మరునాడే ఆయన్ను టికెట్ల గదికి మార్చారు. ఇంకెవరో సంతకం పెట్టారు.

ఆ బొగ్గుతోనే చంద్రగిరి దాటాక కొండ ఎక్కుడులో బండి ఆగిపోయింది. కొలిమి తలుపు తీసి, కూరుకున్న పొడిని మా ఆయన కెలికితే మంట ఎగదన్ని రెండు చేతులూ కాలాయి. కట్లు విప్పేదాకా మామగారే పెరుగన్నం కలిపి, పెళ్లయిన కొడుక్కి ముద్దలు పెట్టారు. ఆయన గోళ్ల నలుపు ఎంత సీకాయ రుద్దినా పోయేది కాదు. తెల్లటి అన్నంలో ఆ గోళ్లు చూస్తే నాకు వికారం. అయినా నేను పెడతానని ఒక్కనాడూ అనలేదు. ఆ ముద్దలు పెట్టడం ఆయనకు అవసరమని తెలుస్తూనే ఉండేది.

నిన్న ఆ అధికారి పరామర్శకు వచ్చాడు. మామగారు రోజూ కూర్చునే బల్ల మీద కూర్చుని, "పెద్దాయన పరీక్ష అంటే పరీక్షే. అట్లాంటి నిజాయితీ ఈ కాలంలో యాడుండాది?" అన్నాడు. మా ఆయన మచ్చల చేతులు ఉత్తరీయంలో దాచుకుని నిలబడ్డారు. దాచుకోవలసింది ఆయనా?

అతను గడప దాటగానే పసుపు నీళ్లు, కొబ్బరిపీచు తెచ్చి ఆ బల్లను తోమడం మొదలుపెట్టాను.

"మైల ఇంట్లో ఇప్పుడు కడిగేదేందమ్మా? మైల పోయేనాడు అంతా కడుగుతాం గదా," అన్నారు అత్తగారు.

"అందాకా ఉండలేనత్తా."

ఆమె మూల నుంచి లేచి, తనే బావి దగ్గరికి వెళ్లి, నిండు బిందె తెచ్చి దాని మీద కుమ్మరించారు.