బండ మీద అర్జీ

మొన్న మా మనవరాలు వాకిట్లోని తాండూరు బండల మీద నీళ్లు చల్లింది. ఎండకు కాలిన రాయి తడిసిన వాసన ముక్కుకు తగలగానే మల్లమ్మక్క గుర్తొచ్చింది. తాండూరు పక్క గనిలో బండలు మోసేది. పంతొమ్మిదివందల యాభైల్లో నేనక్కడ గుమాస్తాను. వందలమంది కూలీల్లో చదువొచ్చినవాణ్ని నేనొక్కణ్నే అని గొప్పలు పోయేవాణ్ని. నిజానికి ఉన్నది నలభై మందే.

వాళ్లు తాగేది గుంతలో నిలిచిన నీళ్లు. ఆ ఎండాకాలం వాంతులతో ఇద్దరు పిల్లలు పోయారు. బావి తవ్వించమని కచేరీకి మూడు అర్జీలు రాశాను, కింద పేరు లేకుండా. జవాబు రాలేదు.

"నీ కాయితం గాలికి పోతది తమ్మీ. బండ మీద ఇద్దాం. ఏ బీరువల పెడ్తరో చూద్దాం" అంది మల్లమ్మక్క. ముత్యాల్లాంటి అక్షరాలతో నేను రాస్తానన్నాను. నవ్వింది. "నువ్వు రాస్తే నువ్వే సదువుకోవాలె. ఎవరి గుర్తు వాళ్లే గీస్తరు."

మనిషెత్తు బండ. నడుమ ఆమె బావి గీసింది. చుట్టూ గోడలకు పూసే జాజుతో, సున్నంతో ఒకరు కోడి అడుగు, ఒకరు ఎద్దు కొమ్ములు. కూతుర్ని పోగొట్టుకున్న బాలమ్మ చిన్న గాజు గీసింది.

ఆ బండను భుజాల మీద మోశామని ఇన్నేళ్లూ చెప్పాను. ఎడ్లబండి మీద పోయింది. కచేరీ గుమ్మం ముందు నిలబెట్టారు. తహసీల్దారు బయటికొచ్చి "ఎవడు గీసిండు ఇది?" అని గద్దించాడు. ఒక్కొక్కరే వచ్చి తమ గుర్తు మీద వేలు పెట్టి నిలబడ్డారు. చోటు చాలక ఒకరి చంక కిందనుంచి ఒకరు చెయ్యి చాపారు. కాసేపటికి బండ కనబడలేదు, చేతులే. ఇంతమంది కలిసి ఒక్క బొమ్మ అవుతారని నాకు అప్పుడే తెలిసింది.

"ఇదేంది?" అన్నాడాయన, బాలమ్మ వేలి దగ్గర వంగి.

"నా బిడ్డ గాజు, దొరా."

ఆయన లేచి, బావికి కాయితం రాయమని లోపలికి కేకేశాడు.

మొదటి వేలు నాదేనని చెప్పుకుని తిరిగాను. అబద్ధం. గని గుత్తేదారుకు తెలిస్తే కొలువు పోతుందని ఎదురుగా చాయ్ దుకాణంలో నక్కి చూశాను.

వానలకు ముందే బావి పడింది. బండను దాని పక్కనే నాటారు. "అక్కా, ఇప్పుడు గియ్యనా?" అన్నాను సిగ్గుపడుతూ. కిందిమూలన అరచేయంత ఖాళీ చూపింది.

"నీ కోసమే ఇడిసిన. బావి అయినంక ఎందుకు? ఇంకో దానికి గియ్యి."

ఆ తర్వాత జనం కోసం వందల అర్జీలు రాశానని చెప్పబోయాను. ఏడు. ఏడింటి కిందా నా పేరుంది.