సారు కోసం ఉప్పు చూసిన నెల

మా వంట సారు పోయారని మొన్న పొద్దున ఫోనొచ్చింది. అప్పుడు నేను ఆళ్లగడ్డలో మా హోటల్ వంటింట్లో ఉల్లిగడ్డలు తరుగుతున్నాను. కబురు విన్నాక కూడా కాసేపు తరుగుతూనే ఉన్నాను, ఆపాలని తోచలేదు. నంద్యాలలోని ఒక చిన్న కేటరింగ్ కాలేజీలో నాకు కత్తి పట్టుకోవడం నేర్పింది ఆయనే.

హైదరాబాదు పెద్ద హోటళ్లలో చాలా ఏళ్లు వండి, సొంతూరి మీద బెంగతో తిరిగొచ్చిన మనిషి. తెల్లకోటు మీద పసుపు మరకతో వచ్చామో, ఆ పూట పొయ్యి దగ్గరికి రానిచ్చేవారు కాదు, గిన్నెలు తోముకోవాల్సిందే. మా బ్యాచ్‌లో ఒకడు ఎప్పుడూ మార్కుల గురించే అడుగుతుంటే, "తినేటోడు నీ సర్టిఫికెట్ తినడప్పా, ముద్ద తింటాడు" అన్నారు. ఆ తర్వాత మాలో ఎవరమైనా మార్కుల ఊసెత్తితే ఒట్టు. రుచి చూడాలంటే గరిటె నోటికి తగలకూడదు, అరచేతిలో చుక్క వేసుకుని చూడాలి. ఇంట్లో చారు కాచినా నాకిప్పుడు అదే అలవాటు.

మా నాయనకు మాత్రం నా చదువు మింగుడుపడలేదు. "ఆడబిడ్డ గరిటె తిప్పేదానికి బస్సెక్కి నంద్యాలకు పోవల్లా? ఇంట్లో పొయ్యి లేదా?" అని రోజూ సణుగుడే. చదువు అయ్యాక సొంతంగా హోటల్ పెట్టాలని నా ఆశ. అది చెబితే ఇంట్లో నవ్వేవాళ్లు. రంజాన్ నెలలో ఒకరోజు, ఇంక చాలు, వచ్చి పేరు తీయించేస్తానని నాయన నా వెంటే బస్సెక్కాడు.

ఆ నెలలో సారుది ఒక పద్ధతి. ఆయన ఒక్కపొద్దుంటారు, పొద్దు గూకేదాకా నీళ్లు కూడా ముట్టరు. వంట మాత్రం ఆపరు. అందుకని ఏటా మాలో ఒకరిని పిలిచి ఉప్పూ కారం చూసే పని అప్పజెప్పేవారు. ఆ ఏడు నన్ను పిలిచారు. అబ్బ, ఎంత మురిసిపోయానో! రాగానే మొదట అడిగేది, తిన్నావా అని. లేదంటే ముందు తినిపించేవారు. "ఆకలి మీద ఉప్పు చూడాకమ్మా, ఆకలికి అన్నీ బాగుంటాయి" అనేవారు. తన గొంతు ఎండిపోతుంటే నా కడుపు సంగతి అడిగిన మనిషాయన. తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

నాయన వచ్చిన రోజే బయటి హోటళ్ల వాళ్లు భోజనానికి వచ్చారు, మాలో పనికొచ్చేవాళ్లను ఎంచుకోడానికి. పెద్ద డేగిశాలో నాటుకోడి పులుసు వండింది సారే. వాసన చూశారు, మూత పెట్టేశారు. వంటగది వాకిట్లో నా పక్కన నిలబడ్డ నాయన నా చెవిలో, "వండినాయప్పే నోట్లో పెట్టుకోడేంది?" అన్నాడు. మా వైపు అంతే, వండినవాడు తినకపోతే ఆ కూటి మీద అనుమానమే. ఒక్కపొద్దు నాయనా అని చెబితే నాలుక కరుచుకున్నాడు.

సారు నన్ను పిలిచారు. అరచేతిలో వేసుకుని చూశాను. ఉప్పు తక్కువైంది. బయట పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. సారు వండినదానికి వంక పెట్టడానికి నాకు నోరు రాలేదు, బాగుందనేస్తే పోతుంది కదా అనిపించింది.

"నా మొగం చూడాకమ్మా. నీ నాలిక ఏం చెప్తాండాది?" అన్నారు.

తక్కువైంది సార్ అన్నాను. ఇంకో మాట లేకుండా ఉప్పు వేసి, కలిపి, మళ్లీ నా చేతిలో చుక్క పోశారు. సరిపోయిందని నేను అన్నాకే వడ్డన మొదలైంది.

నాయన పేరు తీయించే మాటే ఎత్తలేదు. సారుకు దండం పెట్టి వచ్చేశాడు. బస్సులో కూర్చున్నాక, "అంతమంది తినే కూట్లో నీ మాట మీద ఉప్పేసినాడే పాపా ఆయప్ప" అన్నాడు. ఆ తర్వాత నా చదువు గురించి ఇంట్లో ఇంకెవరూ నోరెత్తకుండా చూసింది నాయనే.

నేను హోటల్ తెరిచిన రోజు సారు వచ్చారు. ఎలా ఉందో ఒక్క ముక్క చెప్పలేదు, ఇంకో జొన్నరొట్టె అడిగారు. ఆ ఒక్క రొట్టెతో నాకు ఏనుగెక్కినంత సంబరమైంది.

సారు వాళ్లల్లో మనిషి పోయిన ఇంట మూడు రోజులు పొయ్యి వెలిగించరు, కావలసినవాళ్లే వండి తెస్తారు. ఖననం అయిన మర్నాడు ఆ వంట నేను చేస్తానని సారు భార్యకు చెప్పి, మా హోటల్లోనే బగారన్నం, అందులోకి పప్పుతో దాల్చా వండాను. డేగిశాలు ఆటోలోకి ఎక్కించడానికి నాయన వచ్చాడు. వండినంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను. దాల్చా చూద్దామంటే నాలుకకు కన్నీళ్ల ఉప్పే తగులుతోంది. నాకు తెలియడం లేదు, నువ్వు చూడు నాయనా అని గరిటె ఆయన చేతికివ్వబోయాను. తీసుకోలేదు.

"సారు ఇంటికి పోయే కూడు. నువ్వే చెప్పల్ల," అన్నాడు.

ముఖం కడుక్కోడానికి కుళాయి దగ్గరికి వెళ్లి వెనక్కి చూశాను. బయట ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. నాయన దాల్చా మీద పెట్టాల్సిన మూత రెండు చేతులా పట్టుకుని, ఆవిరి ముఖానికి కొడుతున్నా పక్కకు జరగకుండా, నా మాట కోసం అలాగే నిలబడి ఉన్నాడు.