కత్తెరమ్మ భక్తురాలు

మా వనపర్తి కుట్టు టీచరు మొన్న ఆదివారం పొద్దున పోయింది. చర్చికి బయలుదేరి, చెప్పులు వేసుకోబోతూ గడప మీద కూర్చుండిపోయిందట. ఏళ్ళ తరబడి పక్కింట్లో ఉన్నదాన్ని కనుక ఈ నాలుగు మాటలు రాసే హక్కు నాదే అనుకుంటున్నాను. కాదన్నవాళ్ళు ఎదురుగా వచ్చి చెప్పవచ్చు.

ఆమె కథోలిక క్రైస్తవురాలు. నేను తులసికోటకు నీళ్ళు పోసుకునే రిటైర్డ్ తెలుగు పంతులమ్మను. ఆమెకు కుక్కంటే భయం, ఉరుమంటే భయం, నా నోరంటే మరీ భయం. చర్చి ఆవరణలోని గదిలో ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పేది. గోడకు తెల్లముసుగు సన్యాసిని పటం ఉండేది. ఎవరని అడిగితే “కతెరీనమ్మ” అనేది. వీపనగండ్ల వైపు నుంచి వచ్చే ఆడవాళ్ళకు అది కత్తెరమ్మ అని వినిపించింది. మైసమ్మ, ఎల్లమ్మ ఉండగా కుట్టుపనికో కత్తెరమ్మ ఎందుకుండదు? దసరా నాడు కత్తెరలన్నీ పటం ముందు పెట్టి, పసుపు కుంకుమలద్ది, కొబ్బరికాయ కొట్టారు.

“పేరు దిద్దవేమమ్మా?” అన్నాను టీచరుతో.

“పేరే తప్పింది గానీ దండం తప్పలే గదక్కా!”

కొబ్బరికాయ సంగతి చర్చి పెద్దల చెవిన పడింది. ఇకమీదట ఆ గది చర్చివాళ్ళకే, మిగతావాళ్ళు రావద్దన్నారు. ఆ మిగతావాళ్ళలో మంచం పట్టిన భర్తను అక్కడి మిషన్ మీదే సాకుతున్న ముస్లిం ఇల్లాలు ఒకతె. “గిప్పుడు యాడికి పోవాలె టీచర్?” అని ఏడ్చిందట.

ఆ సాయంత్రం టీచరు నా దగ్గరికి వచ్చింది. “నీకు నోరుంది. జర ఫాదర్‌తోని నువ్వు మాట్లాడక్కా.”

“మీ గుడిలో నా నోరెందుకు? మీ కతెరీనమ్మ అయితే ఏం చేసేదో చెప్పు.”

“రంగులద్దేటాయన బిడ్డ అక్కా ఆమె. పరాయిదేశంల కూసున్న పోపుగారి ముంగటికే పోయి, నీ జాగ రోము, లేసి రా అన్నది. మహమ్మారి తగిలినోళ్ళను దగ్గరుండి చూస్కున్నది. మీరు ఎవరోళ్ళు అని అడగలే…” అంటూ ఆగిపోయింది. కొంగు మడత పెట్టింది, విప్పింది. “అయితే నేనే పోవాలె.”

మర్నాడు ఫాదర్ కుట్టుగదికి వచ్చినప్పుడు నేనూ వెళ్ళాను. తోడుగా కాదు, చూడ్డానికి.

“కొబ్బరికాయ కొట్టిండ్రంట?” అన్నారు ఫాదర్.

“కొట్టిండ్రు ఫాదర్. ముక్క నేను గూడ తిన్న. కతెరీనమ్మ వీళ్ళను ఎల్లగొట్టమంటదా? ఆమె అననిది మనమెట్ల అంటం? ఎల్లగొడ్తే నన్ను గూడ ఎల్లగొట్టుండ్రి.”

ఫాదర్ పటం వైపు తిరిగి సిలువ గుర్తు వేసుకున్నారు. “ఇగ నుంచి కాయ బయట కొట్టమను,” అన్నారు. తీర్పు అంతే.

గేటు దాటాక “భయం పోయిందా?” అని అడిగాను.

“యాడ పోయిందక్కా? కాళ్ళు ఇంకా వణుకుతున్నయి. నోరొక్కటి వణకకుంటే సాలని మొక్కుకున్న.”

నోరుండటం వేరు, ధైర్యం వేరు అని నాకు తెలిసింది ఆ రోజే. నా దేవుళ్ళ వరసలో కతెరీనమ్మకు చోటిచ్చింది కూడా అప్పటినుంచే. మిగతా దేవుళ్ళేమీ అభ్యంతరం చెప్పలేదు.

సోమవారం టీచరును సమాధి చేశారు. మంగళవారం గది మూసి ఉంటుందనుకుంటూ అటు వెళ్ళాను. తెరిచే ఉంది. ఆనాటి ముస్లిం ఇల్లాలు మిషన్ పక్కన వంగి నిలబడింది. మిషన్ ముందు, కుట్టు నేర్చుకోవడానికి కొత్తగా చేరిన పిల్ల, ఆనాడు రావద్దన్న చర్చి పెద్దల్లో ఒకాయన కోడలు.

“జర నెమ్మదిగ తొక్కమ్మా, గుడ్డను గుంజకు,” అంటూ ఆ ఇల్లాలు ఆ పిల్ల చేతి మీద తన చేయి వేసింది. రెండు చేతుల కింద నుంచి గుడ్డ మెల్లగా ముందుకు జరుగుతోంది.