మూలలు చెడని ఏడు కార్డులు

నేను పెళ్ళి శుభలేఖలు అచ్చేసే ఇంట్లో పుట్టినదాన్ని. హైదరాబాదులో మా నాన్న ప్రెస్సు పెద్దదేమీ కాదు, రెండు మెషిన్లూ ఒక కటింగ్ మెషినూ, అంతే. అయినా నాన్న చేతి అచ్చంటే బజారంతా గౌరవం. ఈ మాట గొప్పగానే చెప్పుకుంటాను, ఎవరేమనుకున్నా సరే.

పెళ్ళయి న్యూజీలాండ్ వచ్చాక, ఆక్లండ్ శివారు న్యూ లిన్‌లో మేం ఫ్లాట్ తీసుకున్న ఏడాదే, స్టేషన్ పక్క వీధిలో పాత కార్డులూ నాణేలూ అమ్మే కొట్లో నాకు ఉద్యోగం దొరికింది. యజమాని అరవై దాటిన కివీ. కొట్టు నిండా రగ్బీ కార్డులే ఉన్నా, ఆయన ప్రాణమంతా ఒక అద్దాల బీరువా మీదే ఉండేది. అందులో ఉన్నవి అమెరికా ఫుట్‌బాల్ కార్డులు. మొదట్లో అక్కడ కాలేజీ ఆటగాళ్ళ బొమ్మలను సిగరెట్ పెట్టెల్లో పెట్టి అమ్మారట. తర్వాత బబుల్‌గమ్ కంపెనీలు ఆ పని అందుకున్నాయట. బేస్‌బాల్ కార్డులైతే కుప్పలుతెప్పలుగా వచ్చాయి గానీ, పూర్తిగా ఫుట్‌బాల్ వాళ్ళవే అయిన గమ్ కార్డులు రెండో ప్రపంచ యుద్ధానికి కొన్నేళ్ళ ముందు వరకూ రాలేదట. మనం అగ్గిపెట్టె బొమ్మలు పోగేసినట్టే అక్కడి పిల్లలు వాటి కోసం కొట్టుకునేవాళ్ళని చెప్పి మురిసిపోయేవారు.

అలాంటి మనిషి దగ్గర మొదటి రోజే కొంప ముంచాను. మా ప్రెస్సులో ఏ ఆర్డరైనా మొదటి కార్డుకు నాలుగు మూలలా పసుపు రాస్తేగానీ గడప దాటించేవాళ్ళం కాదు. కొత్త ఉద్యోగం, మంచి జరగాలి కదా! బ్యాగులో పసుపు పొట్లం వేసుకుని వెళ్ళాను. ఆయన టీ పెట్టుకోవడానికి లోపలికి వెళ్ళగానే, బల్ల మీదున్న కార్డుకు నాలుగు మూలలా శ్రద్ధగా పసుపు అద్దాను. తీరా అది సిగరెట్ పెట్టెల కాలం నాటిదట. ఆయన కప్పు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"మూలలు... మూలలు..." అన్నారు చివరికి. "కార్డు ప్రాణం మూలల్లోనే ఉంటుంది."

నాకు తల కొట్టేసినట్టయింది. సాయంత్రం చెబితే మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "జాబ్‌ల చేరిన రోజే కార్డుకు పెండ్లి చేసొచ్చినవా?" అన్నాడు. నాకేమో ఏడుపు. ఉద్యోగం పోలేదు గానీ, బీరువా జోలికి మాత్రం రావద్దని గట్టిగానే చెప్పారు.

కొన్ని నెలలకు టౌరంగా నుంచి బస్సులో ఒక పెద్దావిడ వచ్చారు. డెబ్బై ఏళ్ళుంటాయి. సంచిలోంచి బిస్కెట్ల డబ్బా తీసి, అందులోంచి ఏడు కార్డులు బల్ల మీద పేర్చారు. తోలు టోపీ పెట్టుకుని బంతి చంకన ఇరికించుకున్న అమెరికా ఆటగాళ్ళు.

యుద్ధం రోజుల్లో ఇక్కడ దిగిన అమెరికా సైనికుడొకడు ఆవిడ తండ్రట. చిన్నప్పటి నుంచి దాచుకున్న ఆ కార్డులను ఆవిడ తల్లి చేతిలో పెట్టి, తిరిగొచ్చి పెళ్ళి చేసుకుంటానని ఓడెక్కాడు. తిరిగి రాలేదు. తల్లి ఆ డబ్బాను ఎవరికీ చూపించకుండా దాచి, చనిపోయే ముందు ఈ చిన్న కూతురికి ఇచ్చింది.

"మా అక్క నమ్మదు," అన్నారావిడ. అక్క తండ్రి వేరు. "అమెరికా వాడూ లేడు, ఏమీ లేదు, చివరి రోజుల్లో అమ్మ ఎక్కడో నకలు కార్డులు కొనుక్కొచ్చి కథ అల్లిందంటుంది. మా ఊళ్ళో ఒకాయనకు చూపిస్తే ఆయనా నకలే అన్నాడు. నాకు అమ్మడం గిమ్మడం వద్దు. మా అమ్మ అబద్ధాలకోరా, కాదా? అది తేలాలి."

మా యజమాని కార్డులను అటూ ఇటూ తిప్పి నిట్టూర్చారు. "మూలలు మరీ పదునుగా ఉన్నాయి. ఎనభై ఏళ్ళ కాగితం ఇలా ఉండదు. నకలేనేమో."

ఆవిడ ముఖం వాడిపోయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మూలలు చూసి ఒక తల్లిని అబద్ధాలకోరును చేసేస్తారా? మా నాన్న అచ్చేసిన ప్రతి శుభలేఖా ఒకటి చొప్పున డబ్బాలో దాచేవాడు. చెయ్యి తగలని కాగితానికి మూలలు ఎందుకు అరుగుతాయి?

"సరిగ్గా చూడకుండా ఎలా చెప్తారు?" నోరు జారాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, భూతద్దం నా వైపు జరిపారు. "అయితే నువ్వే చూడు."

చేతులు శుభ్రంగా కడుక్కుని వచ్చి కూర్చున్నాను. ఇంకెవరో అచ్చేసిన శుభలేఖ తెచ్చి, అచ్చం ఇలాగే కావాలనే గిరాకీలు మా ప్రెస్సుకు బోలెడుమంది వచ్చేవాళ్ళు. దాన్ని ఫొటో తీసి అచ్చేస్తే బొమ్మ బాగానే వచ్చేది, అక్షరాలే దొరికిపోయేవి. అంచులు చుక్కలు చుక్కలుగా పగిలేవి. "అక్షరం చూడు బిడ్డా, బొమ్మను ఎవడన్న చూస్తడు," అనేవాడు నాన్న.

కార్డు వెనక్కి తిప్పి అక్షరాలు చూశాను. ఒక్కో అక్షరం నిండుగా, సిరా గట్టిగా పట్టుకుని ఉంది. చుక్క అనేది లేదు. ఏడింటినీ కళ్ళలో వత్తులు వేసుకుని చూశాను. ఆవిడ సంచి గుండెలకు హత్తుకుని నా ముఖమే చూస్తున్నారు.

"నకలు కావు. పాతవే," అన్నాను. "మీ నాన్నగారెవరో నేను చెప్పలేను. కానీ ఇవి చివరి రోజుల్లో కొనుక్కొచ్చిన నకళ్ళు మాత్రం కావు."

యజమాని భూతద్దం లాక్కుని చాలాసేపు చూశారు. తర్వాత నెమ్మదిగా అన్నారు, "ఈ అమ్మాయి చెప్పిందే నిజం. ఆ రోజుల్లో ఇవి మన దేశంలో ఎక్కడా అమ్మలేదు. అమెరికా నుంచి ఎవరో జేబులో పెట్టుకుని వస్తేనే ఇక్కడికి చేరాలి."

హైదరాబాదులో మెషిన్ నూనె మరకల మధ్య మా నాన్న నేర్పిన విద్య అది. ఆ క్షణంలో నా అంత గర్విష్ఠి ఆక్లండ్ మొత్తంలో లేదు. ఒప్పుకుంటాను.

ఆవిడ ఏడవలేదు. కార్డులను డబ్బాలో సర్ది, ఫోన్ తీసి, చెవి సరిగా వినబడదని స్పీకర్ పెట్టుకున్నారు.

"అక్కా, కార్డులు నకలు కావు."

"ఎవరన్నారు?"

"ఇక్కడ అచ్చు పని తెలిసినావిడ ఉంది. ఒక్కొక్క అక్షరం చూసి చెప్పింది."

ఆవిడ డబ్బా మూత గట్టిగా నొక్కారు.

"ఆదివారం అమ్మ సమాధి దగ్గరికి వెళ్తున్నాను," అన్నారావిడ. "నువ్వూ రా. నాకు సారీ చెప్పక్కర్లేదు. అమ్మకు చెప్పు."

మా యజమాని తల వంచుకుని బల్ల తుడుస్తున్నారు. అప్పుడు అవతల నుంచి, బాగా వయసు మీద పడిన గొంతు వినిపించింది.

"ఎన్నింటికి రమ్మంటావు?"