మామ బోరులో బుడగలు

కొత్త బోరులో నీళ్లతో పాటు బుడగలు వస్తున్నాయని, అగ్గిపుల్ల చూపిస్తే భగ్గుమన్నదని మా మేనమామ ఫోన్ చేస్తే ఖాళీ సీసా పట్టుకుని ఉరికాను. నా ఉద్యోగమే అది. భూమిలోంచి వచ్చిన గ్యాసు ఎక్కడ పుట్టిందో హైదరాబాదు ల్యాబులో తేలుస్తాను, దాన్నిబట్టి ఎక్కడ తవ్వాలో చూస్తారు. గ్యాసులోని కార్బన్‌లో బరువు రకం, తేలిక రకం ఉంటాయి. బరువుది ఎక్కువుంటే లోతున వేడికి మగ్గి పుట్టినట్టు, తవ్వకానికి ఆశ ఉన్నట్టు. తేలికది మరీ ఎక్కువుంటే పైపైన బురదలో సూక్ష్మజీవులు పుట్టించినట్టు.

తాండూరులో రైలు దిగి, షేర్ ఆటోలో పెద్దేముల్ దగ్గరి చేనుకు పోయాను. పక్కనే పాత నాపరాళ్ల గని, నిండా నీళ్లు, కుళ్లిన కందికట్టె. అది చూసి ఇదంతా బురద గ్యాసే అనుకున్నాను. బోరు తీసిన లోతు వినగానే కాదేమో అనిపించింది. గంటలో నాలుగుసార్లు మనసు మార్చుకున్నాను.

సీసాను నీళ్లలో బోర్లించి బుడగలు పట్టి మూత బిగించాను. మామ నా ముఖమే చూస్తున్నాడు.

"ఉన్నదా బిడ్డా, లేదా? గీ వానలకు కంది ఏయాల్నా, ఆగాల్నా? కంపెనోళ్లు వస్తే పంటంతా తొక్కుతరు గదా."

చుట్టూ పదిమంది. ఇంత చదివి తెలియదంటే నామోషీ అనిపించింది.

"ఉండొచ్చు మామా" అన్నాను.

మర్నాడు మంగళవారం. ఆడపిల్ల ఇంట్లోంచి కదలొద్దని అత్త నన్ను ఆపేసింది. సీసాతో బుధవారం బయల్దేరాను.

నెల దాటాక ఫలితం వచ్చింది. లోతుదీ కాదు, పైదీ కాదు, సరిగ్గా నడిమధ్య! రెండూ కలిశాయా? లేక సీసాలోకి గాలి పోయిందా? గాలి తగిలితే కొన్ని సూక్ష్మజీవులు ఆ గ్యాసునే తింటాయి. తేలికదాన్ని ముందు తింటాయి, మిగిలింది లోతుదానిలా కనబడుతుంది. కానీ మూత నేనే బిగించానే! తల గోక్కుని అత్తకు ఫోన్ చేసి, మంగళవారం ఇంట్లో సీసా మూత ఎవరైనా తీశారా అని అడిగాను.

"మూత తియ్యకుండ దేవునికి సూపెడ్తరా బిడ్డా? మొదటి కంకైనా, మొదటి పాలైనా తెరిచే పెడ్తం. జరసేపు దేవుని గూట్ల పెట్టి మళ్ల బిగించిన."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అత్తను అనడానికి నాకు నోరెక్కడిది? సూక్ష్మజీవులను చంపే మందు సీసాలో వేయాల్సింది నేను. ఉరుకులాటలో దాన్ని ల్యాబులోనే మరిచాను.

మళ్లీ పట్టుకుందామని పోయేసరికి వానలు దంచికొట్టాయి. బోరులో నీళ్లు పైకొచ్చి బుడగలు ఆగిపోయాయి. చుట్టుపక్కల చేలల్లో కంది మోకాలెత్తు. మామ చేనులో గడ్డి. విత్తే అదను దాటిపోయింది. నా 'ఉండొచ్చు' మీద నమ్మకంతో ఆయన ఆగాడు.

గట్టు మీద నిలబడి అన్నీ చెప్పాను. సీసా సంగతి, మందు సంగతి, లెక్క తేలని సంగతి. చివరికి, "నాకు ఆ రోజే తెల్వదు మామా. తెల్వదంటే నవ్వుతారనుకున్న" అన్నాను.

మామ కోప్పడితే బాగుండేది. చేను వైపే చూస్తూ మెల్లగా అన్నాడు.

"నవ్వేటోన్ని కాదు బిడ్డా. కంది ఏసుకునేటోన్ని."